మినీ 4 ప్రో డ్రోన్‌కి ఏ ఎన్‌డీ ఫిల్టర్లు తీసుకోవాలి? 256 నిజంగా అవసరమా?

టమాటా_పైలట్
మాలూరు దాటాక ఫ్రెండ్ వాళ్ల టమాటా తోటలున్నాయి, వీకెండ్ వస్తే అక్కడే ఎగరేస్తుంటా. ఎత్తు నుంచి తీసినవి బానే వస్తున్నాయి, కానీ కిందకి దించి సాళ్ల మీదుగా ముందుకి పోనిస్తే వీడియో టకటకా కొట్టుకుంటోంది, ఊతం కట్టెలు ఒక్కోటి గెంతుకుంటూ వస్తున్నట్టు ఉంటాయి, రెండు నిమిషాలు చూస్తే తలనొప్పి. ఆఫీసులో ఒకాయన ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుతురు తగ్గించే నల్ల గాజు) వెయ్యి అన్నాడు. వెతికితే కంపెనీ సెట్ లో 16, 64, 256 ఉన్నాయి, వేరే వాళ్ల సెట్ లో 8, 16, 32, 64 ఉన్నాయి, ధరేమో దాదాపు సగం. నాలుగొస్తున్నప్పుడు మూడెందుకు కొనాలి అని ఒక పక్క, ఆ 256 అనేది చేత్తో పట్టుకుని చూస్తే ఏమీ కనపడదంట, అంత చీకటి మనకెందుకు అని ఇంకో పక్క. సెట్టింగ్ 4కే 30, మిగతాదంతా ఆటో. ఏది తీసుకోమంటారు?

బాతాఖానీ
సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ జామ్ లో తియ్యి బ్రో, ఏ ఫిల్టర్ అక్కర్లా. అక్కడ కదిలేది ఏదీ ఉండదు కాబట్టి షట్టర్ ఎంత పెట్టినా ఒకటే.

వరంగల్_ఇన్_వైట్‌ఫీల్డ్
ఏ సెట్టూ వద్దు. ఆటోలో పెట్టి ఎగరెయ్. రీల్స్ చూసేటోడు షట్టర్ స్పీడ్ ఎంత అని అడుగుతడా? నేను మస్తు రోజుల నుంచి ఫిల్టర్ లేకుండనే తీస్తున్న, ఒక్కడు కూడా ఏందిది అనలే.

పాత_నికాన్
సెట్ సంగతి తర్వాత, ముందు ఒక నంబర్ చూడు. ఈసారి అక్కడికెళ్లినప్పుడు ప్రో మోడ్ లో పెట్టి ఐఎస్‌ఓ 100 మీద (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) కట్టేసి, ఎం.ఎం. అని చూపించే వెలుతురు మీటర్ సున్నా దగ్గరికి వచ్చేదాకా షట్టర్ (ఒక్కో ఫ్రేమ్ కి వెలుతురు పడే సమయం) తిప్పు. ఎంతొచ్చింది? ఆ కింద అంకెని 60తో భాగించు, అదే నీ ఫిల్టర్. 1/2000 వచ్చిందనుకో, 33 చిల్లర, అంటే ఎన్‌డీ32. 1/4000 వస్తే 66, అంటే 64. 60 ఎందుకంటే నువ్వు 30 ఎఫ్‌పీఎస్ లో, అంటే సెకనుకి 30 ఫ్రేమ్‌లు తీస్తున్నావు, ఫ్రేమ్ రేటుకి రెట్టింపు షట్టర్ అనేది సినిమా కెమెరాల కాలం నుంచి వస్తున్న లెక్క. 25లో తీస్తే 50తో భాగించు, 60లో తీస్తే 120తో.

ఫిల్టర్ మీద అంకె వచ్చే వెలుతురుని ఎన్నో వంతు చేస్తుందో చెప్తుంది. 16 అంటే పదహారో వంతు, నాలుగు స్టాప్‌లు (వెలుతురు ఒకసారి సగమైతే ఒక స్టాప్). 64 అంటే ఆరు. 256 అంటే ఎనిమిది. మీ డ్రోన్ లెన్స్ కి ఎపర్చర్ ని, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని, చిన్నది చేసే రెక్కలు లేవు, ఎఫ్ 1.7 దగ్గర ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది, అందుకని వెలుతురు తగ్గించాలంటే షట్టర్ ఒక్కటే దారి. మిట్ట మధ్యాహ్నం ఆ షట్టర్ ఎక్కడికో వెళ్లిపోతుంది, నీ కట్టెలు గెంతేది అందుకే.

కడపోడు
నేను మినీ 2 వాడతాండా, ఎన్‌డీ16 ఒకటి తగిలిచ్చి వదిలేసినా, ఎండాకాలం కూడా దాంతోనే కానిచ్చేసినా. 64, 256 అనేటివి డబ్బులు ఎక్కువున్నోళ్లకి. 16 ఒకటి కొనుక్కో సాలు.

పాత_నికాన్
కడపోడు, మీ మినీ 2 ఎఫ్ 2.8. ఆయనది 1.7. రెండిటికీ మధ్య దగ్గర దగ్గర ఒకటిన్నర స్టాప్ తేడా. నీకు 16తో సరిపోయిన చోట ఆయనకి 32, 64 మధ్య కావాలి. ఆన్‌లైన్ లో సగం సలహాలు ఇలాగే బోల్తా కొడతాయి, ఏ డ్రోనో చెప్పకుండా ఎన్‌డీ16 సూపర్ అని రాసేస్తారు.

కడపోడు
ఓహో అట్లనా. మరి కంపెనీవోడు రెండిటికీ ఒకటే లెన్స్ పెట్టొచ్చు గదప్పా, మనకీ లెక్కలెందుకు.

శీను_పెళ్లివీడియోలు
వరంగల్ అన్నా, రీల్స్ లో ఎవరూ అడగరు కరెక్టే, కానీ పెళ్లికూతురి నాన్న అడుగుతాడు, వీడియో ఏంటండీ కట్ కట్ గా ఉంది అని. షట్టర్ అని ఆయనకి తెలీదు, కంటికి తెలుస్తుంది అంతే. హోసూరు రోడ్ లో ఒక కన్వెన్షన్ హాల్ దగ్గర కారు మీదుగా తక్కువ ఎత్తులో ఫాలో షాట్ తీసి ఫిల్టర్ ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే డబ్బులిచ్చే కస్టమర్ ఎవరైనా ఉన్నదే ఎంచుకుంటాడు.

వరంగల్_ఇన్_వైట్‌ఫీల్డ్
పెళ్లిళ్ల కథ వేరే తమ్మీ, ఆయన టమాటాలు తీస్తుండు. టమాటా వాళ్ల నాన్న ఏం అడుగుతడు?

బాతాఖానీ
కిలో ఎంత అని అడుగుతాడు

ఎఫ్‌పీవీ_పిచ్చోడు
ఇది నిజంగా షట్టర్ వల్లేనా అనేది లెక్కేసి చూద్దాం, నాకు ఇలాంటివి సరదా. సెకనుకి 8 మీటర్ల స్పీడ్ తో పోతున్నావనుకో. 30 ఎఫ్‌పీఎస్ అంటే ఒక ఫ్రేమ్ కి ఇంకో ఫ్రేమ్ కి మధ్య డ్రోన్ దాదాపు 27 సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. షట్టర్ 1/2000 అయితే అది తెరిచున్న టైంలో జరిగేది 4 మిల్లీమీటర్లు. అంటే ఒక ఫ్రేమ్ లో కట్టె కత్తిలా పదునుగా ఉంటుంది, తర్వాతి ఫ్రేమ్ లో 27 సెంటీమీటర్ల అవతల మళ్లీ పదునుగా ప్రత్యక్షం, మధ్యలో ఏమీ లేదు. కంటికి గెంతినట్టు కాక ఎలా ఉంటుంది? అదే 1/60 పెడితే ఆ 27లో సగం దూరం, 13 సెంటీమీటర్లు, కట్టె అలికినట్టు సాగుతుంది, కన్ను మిగతాది అతికేసుకుంటుంది.

ఇప్పుడు ఎత్తు సంగతి చూడండి. 3 మీటర్ల ఎత్తులో నిటారుగా కిందకి చూస్తుంటే 4కే ఫ్రేమ్ లో ఆ 27 సెంటీమీటర్లు రెండు వందల పైచిలుకు పిక్సెళ్లు. 100 మీటర్ల ఎత్తులో అవే 27 సెంటీమీటర్లు ఏడు పిక్సెళ్లు. ఏడు పిక్సెళ్ల గెంతు ఎవడికి కనపడుతుంది? ఎత్తులో బానే ఉంది, కిందకొస్తే కొట్టుకుంటోంది అని టమాటా చెప్పిందానికి ఇది అచ్చంగా సరిపోతోంది. కాబట్టి వరంగల్ అన్నది కూడా తప్పేం కాదు, ఆయన ఎప్పుడూ 100 మీటర్ల పైనే తీస్తుండొచ్చు.

వరంగల్_ఇన్_వైట్‌ఫీల్డ్
గదే. నేను చెట్లకి భయపడి కిందికి దించ.

టమాటా_పైలట్
పిచ్చోడు బ్రో, 4 మిల్లీమీటర్లు అని చదివాక విషయం బుర్రకెక్కింది. మరి నువ్వు ఏ ఫిల్టర్ వాడతావు?

ఎఫ్‌పీవీ_పిచ్చోడు
నన్ను అడక్కు, నా కథ రివర్స్. ఎఫ్‌పీవీలో (కళ్లద్దాల్లో చూస్తూ నడిపే డ్రోన్) కెమెరాని ఊగకుండా పట్టుకునే జింబల్ ఉండదు లేదా నామమాత్రం, స్టెబిలైజేషన్ అంతా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. 1/60 పెట్టి బ్లర్ తెచ్చుకుంటే, సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్ ని నిలబెడుతుంది గానీ బ్లర్ ఫ్రేమ్ లోనే ఉండిపోతుంది, నిలకడగా ఉన్న సీన్ మీద బ్లర్ ఒక్కటే ఊగుతూ అసహ్యంగా ఉంటుంది. అందుకని నేను కావాలనే తక్కువ ఫిల్టర్ వేసి షట్టర్ 1/200 దగ్గర ఉంచుతా. నీది మూడు యాక్సిస్‌ల జింబల్, నీకు ఆ బాధ లేదు, నికాన్ గారు చెప్పిందే నీకు కరెక్ట్.

చెన్నై_ఉక్కపోత
256 ఎందుకు అన్నావు కదా, చెన్నై ఈసీఆర్ (సముద్రం పక్కన రోడ్డు) మీద కోవళం వైపు ఇసకలో పదకొండు గంటలకి ఒకసారి ఎగరేసి చూడు. కింద తెల్లటి ఇసక, పక్కన నురగ, పైన సూర్యుడు. 64 వేసినా షట్టర్ 1/60కి దిగదు, చొక్కా తడిసిపోతుంది నీకు. ఇక్కడ నాకు రోజువారీ ఫిల్టరే 256.

శీను_పెళ్లివీడియోలు
256 రోజువారీనా? నమ్మలేకపోతున్నా. బెంగళూరులో నాకెప్పుడూ 64 దాటలేదు.

పాత_నికాన్
నమ్మొచ్చు. ఫిల్మ్ రోజుల సన్నీ 16 లెక్క వేసి చూడు: మంచి ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 దగ్గర షట్టర్ 1/100. ఎఫ్ 16 నుంచి 1.7కి వస్తే ఆరున్నర స్టాప్‌లు తెరిచినట్టు, షట్టర్ 1/8800 దగ్గరికి పోవాలి. 60తో భాగిస్తే 147. అంటే 128కీ 256కీ మధ్య. ఇసక, నీటి మెరుపు ఉంటే ఇంకో స్టాప్ ఎక్కువ. కంపెనీవాడు 256 ఊరికే పెట్టలేదు.

నీకు 64 దాటకపోవడానికి కారణం ఉంది శీనూ. పొలాలు, చెట్లు, నీలగిరి తోపులు, తార్రోడ్లు అన్నీ ముదురు రంగులు, మీటర్ వాటిని కాస్త వెలుగు చేసి చూపిద్దామని షట్టర్ తగ్గిస్తుంది. పైగా నువ్వు వెళ్లేది ముహూర్తాలకి, అవి పొద్దున్న ఏడింటికో సాయంత్రమో.

శీను_పెళ్లివీడియోలు
ముహూర్తాలు సగం అర్ధరాత్రే పడుతున్నాయి సార్ ఈ మధ్య. అప్పుడు ఎన్‌డీ కాదు, టార్చ్ కావాలి.

అన్నట్టు నేను వాడేది మావిక్ 3, అందులో ఎపర్చర్ మార్చుకోవచ్చు, 2.8 నుంచి 11 దాకా. ఫిల్టర్ ఎందుకు, ఎఫ్ 11 పెట్టేస్తే పోలా అని మా కుర్రాడు అన్నాడు. 11 దగ్గర బొమ్మ మెత్తబడిపోతుంది, సన్న రంధ్రంలో వెలుతురు చెదిరిపోతుంది, డిఫ్రాక్షన్ అంటారు. నేను 4, 5.6 మధ్య ఉంచి మిగతాది ఫిల్టర్ మీద వేస్తా. ఇంకోటి, డీ-లాగ్ (రంగులు తర్వాత ఎడిటింగ్ లో దిద్దుకోవడానికి వెలిసినట్టు తీసే మోడ్) లో ఈ డ్రోన్ ఐఎస్‌ఓ 400 కంటే కిందకి దిగదు, అక్కడే రెండు స్టాప్‌లు అదనం, ఆ రెండూ ఫిల్టరే మింగాలి. లాగ్ లో తీసేవాళ్లు తమ డ్రోన్ కి కనీస ఐఎస్‌ఓ ఎంతో చూసుకుని లెక్క వేసుకోండి.

రూల్స్_రంగయ్య
ఫిల్టర్ల గోల బాగుంది గానీ, మినీ 4 ప్రో ఎక్కడ కొన్నావు నాయనా? 2022 ఫిబ్రవరి 9న డీజీఎఫ్‌టీ (కేంద్రం విదేశీ వాణిజ్య విభాగం) విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేసింది, ఈ మోడల్ వచ్చింది 2023లో.

బాతాఖానీ
రంగయ్య గారు వచ్చేశారు, అందరూ బ్యాటరీలు దాచుకోండి

టమాటా_పైలట్
ఇక్కడే ఒకాయన అమ్మేసుకుంటుంటే తీసుకున్నా సార్, ఆయనకి ఎలా వచ్చిందో నేను అడగలేదు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) మాత్రం ప్రతిసారీ చూస్తా, మా తోటలున్న చోటు గ్రీన్ జోనే.

రూల్స్_రంగయ్య
అడగాల్సింది. సరే, మ్యాప్ చూస్తున్నావు, అది నయం. ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్తున్నా: గ్రీన్ జోన్ అయితే 400 అడుగులు, ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే, 8 లోపల అయితే అనుమతి లేకుండా నేల వదలకూడదు. బెంగళూరులో హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ ఒక పక్క, యలహంక ఎయిర్‌ఫోర్స్ ఒక పక్క, జక్కూరు ఒక పక్క, దేవనహళ్లి ఒక పక్క. కేఆర్ పురం తీగల వంతెన మీద లైట్ల గీతలు తీస్తాను అని గత నెల ఒకాయన ఇక్కడే అడిగాడు, హెచ్‌ఏఎల్ పక్కనే అది. ఆయనకి కావాల్సింది ఎన్‌డీ కాదు, లాయరు.

ఇంకో ముక్క: 250 గ్రాములు, ఆ లోపు అయితేనే నానో అనే చిన్న డ్రోన్ల తరగతి. మినీ 4 ప్రో 249 లోపు అంటాడు. బరువైన ఫిల్టర్ వేసి, ప్రొపెల్లర్ గార్డ్ వేసి, స్టిక్కర్లు అంటించి నాది నానోనే అంటే కుదరదు.

కడపోడు
మా వోడు డ్రోన్ కి నిమ్మకాయ మిరపకాయ కట్టినాడు ఆయుధపూజకి. అది ఎన్ని గ్రాములుంటాదో.

లలిత_లెన్స్
బరువు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, నంబర్ కంటే ముందు చూడాల్సింది అదే. ఈ చిన్న డ్రోన్ల జింబల్ మోటర్లు దాని సొంత గాజు బరువుకి తూకం వేసి ఉంటాయి. ముందు గాజు తీసి దాని చోట ఫిల్టర్ పెట్టే రకమైతే పెద్ద తేడా రాదు, గాజు మీద ఇంకో మూతలా తగిలించే రకాలతోనే సమస్య. తూకం తప్పితే జింబల్ ఓవర్‌లోడ్ అని స్క్రీన్ మీద వస్తుంది, లేదంటే హొరైజన్ ఒక పక్కకి వాలిపోతుంది. నా దగ్గర ఒక చవక సెట్ ఉండేది, రింగ్ ఎంత బిగుతో అంటే తియ్యాలంటే గోళ్లు అరిగేవి, ప్రతిసారీ జింబల్ మెడ విరుగుతుందేమో అని భయం. రింగ్ లోపల నల్ల పెయింట్ కూడా సరిగ్గా వెయ్యలేదు, సూర్యుడు పక్కనుంచి పడితే అంచున ఒక బూడిద రంగు మెరుపు కనపడేది.

తగిలించే పద్ధతి: డ్రోన్ ఆఫ్ లో ఉండాలి. ఎడమ చేతి రెండు వేళ్లతో కెమెరా డబ్బాని వెనకనుంచి పట్టుకుని, కుడి చేత్తో రింగ్ ఒక్కటే తిప్పాలి. జింబల్ చెయ్యిని పట్టుకోకూడదు. ఆన్ చేశాక తగిలిస్తే మోటర్లు నీ వేళ్లతో కుస్తీ పడతాయి. కొత్త ఫిల్టర్ వేసిన మొదటిసారి గట్టు మీద పెట్టి జింబల్ కాలిబ్రేషన్ ఒకసారి చేసుకో.

టమాటా_పైలట్
మేడం, రంగు ఏమైనా మారుతుందా చవకవాటితో? సగం ధర అంటే అనుమానంగానే ఉంది.

లలిత_లెన్స్
మారొచ్చు. 8, 16 దాకా ఏ కంపెనీదైనా పెద్ద తేడా కనపడదు. 64, 256 దగ్గర బయటపడుతుంది, ఎందుకంటే మామూలు వెలుతురుని బాగా ఆపి ఇన్‌ఫ్రారెడ్ ని మాత్రం వదిలేస్తే ఆ లీక్ పెద్దదై నల్ల రంగులు గోధుమ ఎరుపుగా తిరుగుతాయి. నల్ల గొడుగు, నల్ల బ్యాగ్, తార్రోడ్డు తీసి చూస్తే వెంటనే తెలుస్తుంది. ఒకటే ఫిల్టర్ తో అంతా తీస్తే ఎడిటింగ్ లో సరిచేసుకోవచ్చు, కానీ 16తో కొంత 64తో కొంత తీసి రెండూ వేర్వేరు రంగులో ఉంటే కలపడం నరకం. అందుకే సెట్ అంతా ఒకే కంపెనీది తీసుకోమంటాను.

ఇంకా నీవి టమాటా తోటలు కదా, సాళ్లకి వెండి రంగు మల్చింగ్ షీట్ వేస్తారు కదా?

టమాటా_పైలట్
వేశారు. పొద్దున పది దాటితే ఆ షీట్ మెరుపుకి స్క్రీన్ లో ఆకులే కనపడవు.

లలిత_లెన్స్
దానికి పోలరైజర్ పనికొస్తుంది, ప్లాస్టిక్ మీద మెరుపు కొంత తగ్గుతుంది, ఆకుల పచ్చదనం కూడా పైకి తేలుతుంది. ఎన్‌డీ, పోలరైజర్ కలిపి ఒకే గాజుగా కూడా అమ్ముతారు. కానీ డ్రోన్ మీద పోలరైజర్ అంటే ఒక చిక్కుంది: దాన్ని నేల మీదే తిప్పి పెట్టుకోవాలి, పైకెళ్లాక తిప్పడానికి చెయ్యి అందదు. సూర్యుడికి అడ్డంగా చూస్తున్నప్పుడు బాగా పనిచేస్తుంది, డ్రోన్ ని తొంభై డిగ్రీలు తిప్పితే ప్రభావం మొత్తం మారిపోతుంది. ఆకాశం ఫ్రేమ్ లో ఉంటే వైడ్ లెన్స్ లో ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల తెల్లగా వస్తుంది. ఒకే దిక్కున పోయే షాట్ అయితే వెయ్యి, గుండ్రంగా తిరిగే షాట్ కి తీసేయి.

వరంగల్_ఇన్_వైట్‌ఫీల్డ్
ఇన్ని తిప్పలెందుకు, బ్లర్ ఎడిటింగ్ ల కూడా వెయ్యొచ్చు గద? రిజాల్వ్ స్టూడియోల మోషన్ బ్లర్ ఉంది.

ఎఫ్‌పీవీ_పిచ్చోడు
వెయ్యొచ్చు, ఖాళీ రోడ్డు మీదైతే బానే ఉంటుంది. కానీ సాఫ్ట్‌వేర్ రెండు ఫ్రేమ్‌లు చూసి ఏది ఎటు కదిలిందో ఊహిస్తుంది. ఒకేలా ఉన్న సన్నటి కట్టెలు వందలకొద్దీ వరసగా ఉంటే ఈ కట్టె ఆ కట్టె ఒకటే అనుకుని తికమక పడుతుంది, అంచులు నీళ్లలో పెట్టినట్టు వణుకుతాయి. టమాటా తోట దానికి అత్యంత చెత్త సీన్. పైగా పది నిమిషాల వీడియో రెండర్ అయ్యేలోపు నువ్వు మాలూరు వెళ్లి రావచ్చు.

శీను_పెళ్లివీడియోలు
ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. టమాటా బ్రో, నీ వీడియోలో డ్రోన్ ని పక్కకి తిప్పుతున్నప్పుడు కూడా కొడుతోందా? అది షట్టర్ తో పూర్తిగా పోదు. 24, 25, 30 ఎఫ్‌పీఎస్ లో వేగంగా తిప్పితే ఏ ఫిల్టర్ వేసినా జర్రుమంటుంది. నెమ్మదిగా కదిలే సినీ మోడ్ లో పెట్టు, యా స్పీడ్ (పక్కకి తిరిగే వేగం) ఇంకా తగ్గించు. కొత్తవాళ్ల వీడియోలు చూస్తే నూటికి ఎనభై దగ్గర అసలు రోగం ఇదే, మందేమో ఎన్‌డీ కొంటారు. సినిమాటిక్ అని రాసున్న డబ్బా కొంటే సినిమా రాదు.

చెన్నై_ఉక్కపోత
ఇంకా లాప్‌టాప్ సంగతి కూడా చూసుకో. మా తమ్ముడు 4కే హెచ్‌ఈవీసీ ఫైల్ (బాగా కుదించిన వీడియో, పాత మెషిన్లకి ఆడించడం కష్టం) పాత లాప్‌టాప్ లో చూసి డ్రోన్ పాడైందన్నాడు. ఫోన్ లో వేస్తే నున్నగా ఆడింది.

టమాటా_పైలట్
లాప్‌టాప్, ఫోన్ రెండిట్లోనూ ఒకేలా ఉంది, కాబట్టి అది కాదు. తిప్పేటప్పుడు మాత్రం అవును, కొంచెం దూకుడుగానే తిప్పుతా.

సరే, ఇప్పుడు ఇంకో డౌట్. షట్టర్ 1/60, ఐఎస్‌ఓ 100 రెండూ కట్టేస్తే, మబ్బు అడ్డొస్తే ఏం చెయ్యాలి? మన బెంగళూరు సంగతి తెలుసుగా, జూన్ నుంచి ఇక ఎండ, మబ్బు, చినుకు, మళ్లీ ఎండ, పావుగంటలో నాలుగు సీజన్లు.

శీను_పెళ్లివీడియోలు
1/60 అనేది దేవుడి మాటేం కాదు. 1/50 నుంచి 1/120 దాకా కంటికి పెద్ద తేడా ఉండదు. నేను ఎండని చూసి ఫిల్టర్ వేస్తా, మబ్బు వస్తే ఐఎస్‌ఓని 200, 400 దాకా పోనిస్తా, అంతకంటే చీకటైతే దింపేసి మారుస్తా. ఫిల్టర్ కాస్త తక్కువైతే షట్టర్ 1/120కి పోతుంది, ఏం కాదు. ఎక్కువైతేనే ప్రమాదం, ఐఎస్‌ఓ పాకి నాయిస్ వస్తుంది. అనుమానం ఉంటే ఒక మెట్టు తక్కువదే వెయ్యి.

పాత_నికాన్
దీనితో ఏకీభవించను. మబ్బుల రోజు ఐఎస్‌ఓ వదిలేస్తే ఒకే షాట్ లో వెలుగు మెట్లు మెట్లుగా మారుతుంది, అది గెంతే కట్టెల కంటే అసహ్యం. నేనైతే రెండూ కట్టేసి మబ్బు పడితే చీకటి పడనిస్తా. మబ్బు నీడ పొలం మీద పాకుతూ రావడం నిజంగా జరిగిందే కదా, దాన్ని ఎందుకు దాచాలి?

శీను_పెళ్లివీడియోలు
పెళ్లికూతురి మొహం మీద మబ్బు పాకితే నాకు బాలెన్స్ పేమెంట్ రాదు సార్.

బాతాఖానీ
😂😂 ఈ ఒక్క రిప్లై కోసం ఇంత చదివినా వర్తే

లలిత_లెన్స్
వేరియబుల్ ఎన్‌డీ అని ఎవరైనా సలహా ఇచ్చే లోపు ముందే చెప్తున్నా, తిప్పితే చీకటి పెరిగే ఆ ఫిల్టర్ అంటే రెండు పోలరైజర్లు ఒకదాని మీద ఒకటి. డ్రోన్ లాంటి వైడ్ లెన్స్ మీద బాగా తిప్పితే ఫ్రేమ్ మధ్యలో ఎక్స్ ఆకారంలో నల్ల మచ్చ వస్తుంది. గాల్లో తిప్పలేనప్పుడు వేరియబుల్ అయ్యి ఏం లాభం?

కడపోడు
నేను సరిగ్గా అదే చెప్పబోతా ఉండా. డిలీట్ చేసినా.

టమాటా_పైలట్
నిన్న వెళ్లి నికాన్ గారు చెప్పినట్టు షట్టర్ చూసుకొచ్చా. పొద్దున ఏడున్నరకి, పలచని మబ్బు: 1/800. తొమ్మిదిన్నరకి ఎండ వచ్చాక సాళ్ల మీద కిందకి చూస్తే 1/3200, కెమెరా పైకి లేపి ఆకాశం సగం వచ్చేలా పెడితే 1/5000. అంటే 13, 53, 83. ఇంతకీ 8 అనేది ఎక్కడా రాలేదు!

పాత_నికాన్
రాదు. ఎఫ్ 1.7 మీద ఎన్‌డీ8 కావాలంటే షట్టర్ 1/500 దగ్గర ఉండాలి, అది పొద్దు వాలే టైం, అరగంటలో అదీ అక్కర్లేకుండా పోతుంది. నాలుగింటి సెట్ లో ఒకటి నీకు డబ్బాలోనే ఉండిపోతుంది. నీ అంకెలకి 16, 64 చాలు. 256 సముద్రం దగ్గరికి వెళ్తే చూసుకో.

శీను_పెళ్లివీడియోలు
16కీ 64కీ మధ్య 32 లేకపోతే ఇబ్బంది. షట్టర్ 1/2000 ఉన్న రోజు ఏం చేస్తారు?

ఎఫ్‌పీవీ_పిచ్చోడు
16 వేస్తే 1/125. ఇందాక నువ్వేగా 1/120 దాకా పర్లేదన్నావు 😄

శీను_పెళ్లివీడియోలు
దొరికిపోయా. సరే, సొంత సరదాకి 16, 64 చాలు. డబ్బులు తీసుకుని తీసేవాడు 32 కూడా ఉంచుకోవాలి, అక్కడ మాత్రం నా మాట మార్చను.

టమాటా_పైలట్
విడిగా అమ్ముతారా? ఎస్పీ రోడ్ లో రెండు షాపుల్లో అడిగితే మినీ 2వి చూపించి ఇవే పడతాయి అన్నారు.

లలిత_లెన్స్
పడవు. మోడల్ మారితే రింగ్ మారుతుంది, డబ్బా మీద మినీ 4 ప్రో అని రాసి ఉంటేనే తీసుకో. కొందరు విడిగా కూడా అమ్ముతారు, దొరక్కపోతే 16, 64, 256 సెట్టే తీసుకో. నీ 1/5000 లాంటి రోజు ఎండాకాలంలో ఇంకా పైకి పోతుంది, అప్పుడు 256 కాకపోయినా 64 ఖాయంగా పనికొస్తుంది.

రూల్స్_రంగయ్య
ఫిల్టర్లు మామూలు కెమెరా సామాను, నిషేధం డ్రోన్‌కే, వీటికి కాదు. బయట నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ మాత్రం లెక్కలో వేసుకో.

వరంగల్_ఇన్_వైట్‌ఫీల్డ్
ఫోటోలకి కూడా వెయ్యాల్నా ఇది?

పాత_నికాన్
అక్కర్లేదు, తీసేసి తియ్యి. ఫోటోకి పదునే కావాలి. జలపాతం దగ్గర నీళ్లు పాల నురగలా రావాలనుకుంటే మాత్రం వెలుతురు తక్కువున్నప్పుడు 256 వేసి అర సెకను, సెకను షట్టర్ పెట్టొచ్చు, గాలి లేని రోజు నాలుగైదు తీస్తే ఒకటి నిలబడుతుంది. రాత్రి వీధి లైట్ల కింద వీడియో అయితే ఫిల్టర్ లేకుండా 25 ఎఫ్‌పీఎస్, 1/50 పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, 1/60 పెడితే కొన్ని లైట్లు రెప్పలు కొడతాయి.

వరంగల్_ఇన్_వైట్‌ఫీల్డ్
అంటే నేను పైనుంచి ఫోటోలే తీస్త కాబట్టి నాకు ఏదీ అక్కర్లేదు. మొదటి రోజు నుంచి గదే చెప్తున్న.

టమాటా_పైలట్
16, 64, 256 సెట్ ఆర్డర్ పెట్టేశా. ఉక్కపోత బ్రో, 256తో నాకు పని పడేది నీ దగ్గరికి వస్తేనే అనుకుంటా, కోవళం వస్తే చెప్తా.

చెన్నై_ఉక్కపోత
రా. ఏప్రిల్, మే నెలలు తప్ప. మహాబలిపురం గుడి దగ్గర మాత్రం అడక్కు, ఆర్కియాలజీ వాళ్ల అనుమతి లేకుండా అక్కడ డబ్బా కూడా తెరవకూడదు.

కడపోడు
ఎవురన్నా మినీ 2కి ఎన్‌డీ32 వాడకుండా పెట్టుకోనుంటే చెప్పండప్పా, తీసుకుంటా.

బాతాఖానీ
నిన్నటిదాకా 16 ఒకటి సాలు అన్నది ఎవరబ్బా

కడపోడు
లెక్క నేర్చుకున్యాక ఆగలేకపోతాండా. నిన్న సూస్తే 1/2500 వచ్చింది.